హెచ్‌ఐవీ విషయంలో అసలు ప్రమాదం ఎక్కడుంది

ఇద్దరు మనుషులను ఊహించుకోండి. మొదటి వ్యక్తికి హెచ్‌ఐవీ ఉంది. ఆ సంగతి తనకు తెలుసు. రెండేళ్లుగా రోజూ మాత్ర వేసుకుంటున్నారు. టెస్ట్ చేయించుకున్న ప్రతిసారీ రక్తంలో వైరస్ లెక్కకు అందనంత తక్కువగా ఉందనే రిపోర్ట్ వస్తోంది. రెండో వ్యక్తి చూడ్డానికి ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నారు. హెచ్‌ఐవీ టెస్ట్ మాత్రం జీవితంలో ఒక్కసారి కూడా చేయించుకోలేదు. తనలాంటివాళ్లకు అలాంటివి రావని ధీమా.

వీరిద్దరిలో ఎవరి పక్కన కూర్చోవడానికి జనం జంకుతారో, ఎవరికి ఇల్లు అద్దెకివ్వడానికి వెనకాడతారో వేరే చెప్పనక్కర్లేదు. సైన్స్ లెక్క మాత్రం దీనికి పూర్తిగా తలకిందులు. మొదటి వ్యక్తి నుంచి లైంగికంగా మరొకరికి వైరస్ సోకే అవకాశం సున్నా. రెండో వ్యక్తి గురించి ఆ మాట ఎవరూ చెప్పలేరు. వాళ్లకు వాళ్లు కూడా చెప్పుకోలేరు.

హెచ్‌ఐవీ ఉందని తెలిసిన మనిషిని దూరం పెట్టడం వల్ల ఎవరికీ రక్షణ దొరకదు. పైగా, అలా దూరం పెట్టడాన్ని కళ్లారా చూసిన మిగతావాళ్లు టెస్ట్ జోలికే పోరు. టెస్ట్ జోలికి పోనివాళ్లలో వైరస్ ఉంటే అది ఎవరి కంటా పడకుండా పాకుతుంది. అంటే మనం జాగ్రత్త అనుకుని చేసే పనే వైరస్‌కు దారి ఇస్తోంది. ఇది ఎలా జరుగుతుందో తెలియాలంటే ముందు వైరస్ శరీరంలో ఏం చేస్తుందో చూడాలి.

పైకి ఏమీ కనిపించని ఏళ్లు

హెచ్‌ఐవీ ప్రధానంగా సీడీ4 అనే తెల్ల రక్తకణాల మీద పడుతుంది. రోగనిరోధక వ్యవస్థలో మిగతా కణాలను నడిపించేవి ఇవే. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 500 నుంచి 1500 దాకా ఉంటాయి. వైరస్ ఆ కణంలోకి దూరి, తన జన్యు సమాచారాన్ని కణం డీఎన్‌ఏలోనే కలిపేస్తుంది. అక్కణ్నుంచి ఆ కణం వైరస్ కాపీలు తయారుచేయడం మొదలుపెడుతుంది.

వైరస్ సోకిన రెండు నుంచి నాలుగు వారాల్లో కొందరికి జ్వరం, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు, దద్దుర్లు వస్తాయి. మామూలు వైరల్ జ్వరమే అనుకుంటారు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి అదీ ఉండదు. రక్తంలో వైరస్ అతి ఎక్కువగా ఉండేది, ఇతరులకు తేలిగ్గా సోకేది సరిగ్గా ఆ వారాల్లోనే. ఆ తర్వాత శరీరం వైరస్‌ను కొంతమేరకు అదుపు చేస్తుంది. మందులు వాడకపోయినా సగటున ఎనిమిది, పదేళ్ల పాటు పైకి ఏమీ తెలియదు. మనిషి తింటారు, పని చేస్తారు, ఆటలాడతారు. లోపల సీడీ4 కణాలు మెల్లగా తగ్గుతుంటాయి.

ఆ సంఖ్య 200 కంటే పడిపోయినప్పుడు, లేదా మామూలు మనుషుల్ని ఏమీ చేయలేని కొన్ని ఇన్‌ఫెక్షన్లు వచ్చినప్పుడు, ఆ దశను ఎయిడ్స్ అంటారు. క్షయ, ఒక రకం న్యుమోనియా, మెదడు పొరలకు సోకే ఫంగస్ లాంటివి అప్పుడు దాడి చేస్తాయి. ఈనాటికీ హెచ్‌ఐవీ ఉన్నవారి మరణాలకు పెద్ద కారణం క్షయ. మందులు సమయానికి మొదలుపెట్టినవారిలో చాలామంది ఈ దశకు ఎప్పటికీ చేరరు. చేరినవారు కూడా చికిత్సతో తిరిగి కోలుకోగలరు.

కాబట్టి మనిషిని చూసి హెచ్‌ఐవీ ఉందో లేదో చెప్పే మార్గం లేదు. బక్కచిక్కడం, తరచూ జ్వరం రావడం లాంటివాటిని బట్టి అనుమానించడం రెండు వైపులా తప్పు. వేరే జబ్బుతో చిక్కిపోయిన మనిషి మీద నింద పడుతుంది. బలంగా ఉన్న మనిషికి టెస్ట్ అవసరం లేదనే భరోసా కలుగుతుంది.

ఇక సోకే దారులు నిజానికి కొన్నే. రక్తం, వీర్యం, యోని స్రావాలు, మలద్వార స్రావాలు, తల్లిపాలు. వీటి ద్వారా వైరస్ మరొకరి రక్తప్రవాహంలోకో, లోపలి సున్నితమైన పొరల్లోకో చేరితేనే సోకుతుంది. ఉమ్మి, చెమట, కన్నీళ్ల వల్ల సోకదు. కలిసి తినడం, కౌగిలించుకోవడం, ఒకే బాత్రూమ్ వాడడం, ఒకే నీళ్లలో ఈదడం వల్ల సోకదు. దోమ మాటేమిటని చాలామంది అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్నే. దోమ కుట్టినప్పుడు మన ఒంట్లోకి వదిలేది తన లాలాజలాన్నే, అంతకుముందు తాగిన రక్తాన్ని కాదు. పైగా హెచ్‌ఐవీ దోమ శరీరంలో పెరగలేదు, దాని కడుపులో అరిగిపోతుంది.

ఆస్పత్రిలో హెచ్‌ఐవీ ఉన్న మనిషికి వాడిన సూది నర్సుకు పొరపాటున గుచ్చుకుంటే? ఆ పేషెంట్ మందులు వాడకపోయినా, అలాంటి వెయ్యి సంఘటనల్లో సుమారు మూడింటిలోనే వైరస్ సోకుతుంది. టీకా వేయించుకోని వారికి హెపటైటిస్ బి సోకే అవకాశం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా హెపటైటిస్ బి ఉన్నవారి గ్లాసు ఎవరూ వేరుగా పెట్టరు.

భయం ఏ కాలంలో ఆగిపోయింది

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఒక చిన్న నివేదిక వెలువరించింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా వచ్చిందని దాని సారాంశం. ఆ అయిదుగురూ స్వలింగ సంపర్కులు. ఆ ఒక్క వివరం వల్ల ఇది ఫలానావాళ్ల జబ్బు అన్న ముద్ర మొదటిరోజు నుంచే పడిపోయింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాంస్వాజ్ బారే సినూసీ, లూక్ మోంటాన్యే బృందం వైరస్‌ను వేరుచేసింది. దీనికి వారిద్దరికీ 2008లో నోబెల్ వచ్చింది. 1985లో రక్తపరీక్ష అందుబాటులోకి వచ్చింది. 1987లో ఏజెడ్‌టీ అనే తొలి మందు వచ్చింది కానీ, ఒక్క మందుకు వైరస్ త్వరగా అలవాటుపడిపోయేది. అప్పట్లో పాజిటివ్ అంటే, ఎక్కువ మంది విషయంలో, మరణం ఎప్పుడన్నదే మిగిలిన ప్రశ్న.

1987లోనే ఆస్ట్రేలియా టీవీలో ఒక ప్రకటన వచ్చింది. మృత్యువు బౌలింగ్ బంతి విసిరి పిల్లల్ని, తల్లుల్ని పడగొడుతున్నట్టు చూపించారు. ఇలాంటి ప్రచారం ఎన్నో దేశాల్లో జరిగింది. పుర్రె బొమ్మలు, ఎముకల గూళ్లు, అక్రమ సంబంధం పెట్టుకుంటే చావే అన్న హెచ్చరికలు. వాటిని తయారుచేసినవారి ఉద్దేశం మంచిదే. కానీ భయపెడితే జాగ్రత్తపడతారన్న అంచనా సగమే ఫలించిందని నా అభిప్రాయం. వైరస్‌కు భయపడమంటే జనం వైరస్ ఉన్న మనిషికి భయపడ్డారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆస్పత్రిలో యువరాణి డయానా ఒక పేషెంట్‌కు గ్లవుజులు లేకుండా షేక్‌హ్యాండ్ ఇచ్చారు. ఆ ఫొటో ప్రపంచమంతా పత్రికల్లో వచ్చింది. తాకితే ఏమీ కాదని డాక్టర్లు అప్పటికే కొన్నేళ్లుగా చెబుతున్నారు. అయినా నమ్మకం కుదరడానికి కళ్లతో చూడాల్సి వచ్చింది.

1996 నాటికి మూడు మందులు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. వైరస్ పెరిగే దారిలో వేర్వేరు చోట్ల ఒకేసారి అడ్డుపడడంతో అది తప్పించుకోలేకపోయింది. మరణశయ్య మీద ఉన్నవాళ్లు నెలల్లో లేచి ఉద్యోగాలకు వెళ్లారు. దీన్నే ఏఆర్‌టీ అంటాం. తొలినాళ్లలో రోజుకు గుప్పెడు మాత్రలు, భరించలేని సైడ్ ఎఫెక్ట్స్ ఉండేవి. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒకే మాత్ర. తొందరగా మొదలుపెట్టి క్రమం తప్పకుండా వాడేవారి ఆయుష్షు మిగతావారి ఆయుష్షుకు చాలా దగ్గరగా వచ్చింది. 2004లో ప్రపంచవ్యాప్తంగా 21 లక్షల మంది ఎయిడ్స్ సంబంధిత జబ్బులతో చనిపోయారని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనా. 2024లో ఆ సంఖ్య 6 లక్షల 30 వేలు. ఇంకా చాలా ఎక్కువే, కానీ అప్పటి సంఖ్యలో మూడో వంతు కంటే తక్కువ.

మందు ఇంత మారినా, మనుషుల మనసుల్లో ఉన్న బొమ్మ 1996కు ముందుదే.

కనిపించని వైరస్ సోకదు

ఏఆర్‌టీ మొదలుపెట్టాక, సాధారణంగా ఆరు నెలల్లోపు, రక్తంలో వైరస్ మామూలు పరీక్షలకు అందనంతగా తగ్గుతుంది. దీన్ని అన్‌డిటెక్టబుల్ అంటారు. ఈ స్థితిలో ఉన్నవారి నుంచి భాగస్వామికి వైరస్ సోకుతుందా అన్నది చాలా ఏళ్లు తేలని ప్రశ్న. 2011లో వెలువడిన హెచ్‌పీటీఎన్ 052 అధ్యయనం మొదటి గట్టి జవాబు ఇచ్చింది. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని 1763 జంటలను తొమ్మిది దేశాల్లో గమనించారు. ముందే మందులు మొదలుపెట్టిన జంటల్లో వైరస్ సోకడం 96 శాతం తగ్గింది.

ఆ తర్వాత యూరప్‌లో పార్ట్‌నర్ పేరుతో రెండు విడతల అధ్యయనం జరిగింది. రెండో విడత ఫలితాలు 2019లో వచ్చాయి. 782 స్వలింగ పురుష జంటలు, కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలయిక. మందులు వాడుతూ వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. స్త్రీ పురుష జంటలు కూడా ఉన్న మొదటి విడతలోనూ సున్నాయే.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసిన వివరం ఇంకొకటి ఉంది. రెండో విడత అధ్యయనం నడుస్తుండగా 15 మందికి కొత్తగా హెచ్‌ఐవీ సోకింది. సోకిన వైరస్ జన్యువులను, ఇంట్లో ఉన్న పాజిటివ్ భాగస్వామి వైరస్ జన్యువులను పోల్చి చూశారు. ఒక్కటీ కలవలేదు. అంటే వాళ్లకు వైరస్ బయటి సంబంధాల నుంచి వచ్చింది. హెచ్‌ఐవీ ఉందని తెలిసి, మందులు వాడుతున్న మనిషితో ఏళ్ల తరబడి ఒకే పడక పంచుకున్నా ఏమీ కాలేదు.

2016లో బ్రూస్ రిచ్‌మన్ అనే అమెరికన్ ఉద్యమకారుడు దీన్ని జనంలోకి తీసుకెళ్లే ప్రచారం మొదలుపెట్టారు. వైరస్ కనిపించకపోతే సోకదు అన్నదే దాని సారం. మొదట్లో డాక్టర్లే ఈ మాట పేషెంట్లకు చెప్పడానికి జంకారు. చెబితే జనం జాగ్రత్త వదిలేస్తారని భయం. నాకది న్యాయం అనిపించదు. తన వల్ల తన భార్యకో భర్తకో హాని జరుగుతుందేమో అని రోజూ కుమిలిపోయే మనిషి దగ్గర ఈ నిజాన్ని దాచే హక్కు ఎవరికీ లేదు.

హద్దులు కూడా స్పష్టంగా చెప్పాలి. ఈ సున్నా లైంగిక సంబంధానికి వర్తిస్తుంది. తల్లిపాల విషయంలో ప్రమాదం చాలా తగ్గుతుంది గానీ పూర్తిగా సున్నా అనరు. సిరంజిలు పంచుకునేవారికి ఇది వర్తిస్తుందని రుజువు కాలేదు. సిఫిలిస్, గనేరియా లాంటి ఇతర సుఖవ్యాధులను ఈ మందులు ఆపవు, దానికి కండోమే దిక్కు. ఇక మందులు మానేస్తే ఇదంతా పోతుంది. కొన్ని కణాల్లో వైరస్ నివురుగప్పిన నిప్పులా దాగి ఉంటుంది. మాత్రలు ఆపిన కొన్ని వారాల్లోనే చాలామందిలో తిరిగి పెరుగుతుంది. మూలకణాల మార్పిడితో వైరస్ నుంచి పూర్తిగా బయటపడినవారు ప్రపంచంలో కొద్దిమంది ఉన్నారు. వాళ్లంతా ప్రధానంగా క్యాన్సర్ కోసం ప్రాణాపాయంతో కూడిన ఆ చికిత్స చేయించుకున్నవాళ్లు. కాబట్టి ఎవరైనా కొన్ని నెలల్లో హెచ్‌ఐవీని నయం చేస్తామంటూ మాత్రలు మానేయమంటే, వాళ్లు మీ ప్రాణంతో ఆడుకుంటున్నారు.

టెస్ట్ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

2024లో ప్రపంచంలో హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారు 4 కోట్ల 8 లక్షల మంది. వారిలో 87 శాతం మందికి తమ స్థితి తెలుసు. మిగిలిన సుమారు 53 లక్షల మందికి తెలియదు. అదే ఏడాది కొత్తగా సోకినవారు 13 లక్షలు. అమెరికాలో సీడీసీ 2016 లెక్కల ఆధారంగా ఒక విశ్లేషణ చేసింది. కొత్త కేసుల్లో దాదాపు 80 శాతం, తమకు వైరస్ ఉందని తెలియనివారి నుంచి, తెలిసినా చికిత్సలో లేనివారి నుంచి వచ్చాయని తేలింది. మొదట చెప్పిన ఇద్దరు వ్యక్తుల పోలిక గాలిలోంచి పుట్టింది కాదు.

టెస్ట్ చుట్టూ ఉన్న గందరగోళంలో మొదటిది విండో పీరియడ్, అంటే వైరస్ సోకినా టెస్ట్‌కు ఇంకా దొరకని కాలం. వైరస్ సోకిన మర్నాడు ఏ పరీక్షా దాన్ని పట్టుకోలేదు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ టెస్టులు, ఇంట్లో చేసుకునే కిట్లు ఎక్కువగా యాంటీబాడీలను, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లను, వెతుకుతాయి. అవి తయారవడానికి శరీరానికి సమయం కావాలి. ఈ టెస్టులు వైరస్‌ను గుర్తించడానికి 23 నుంచి 90 రోజులు పడుతుంది. నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం టెస్ట్ యాంటీబాడీతో పాటు పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా చూస్తుంది కనుక 18 నుంచి 45 రోజుల్లో పట్టేస్తుంది. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పరీక్షకు 10 నుంచి 33 రోజులు చాలు.

దీన్ని ఇలా వాడుకోవాలి. అనుమానం కలిగించే సంఘటన జరిగితే ఇప్పుడు ఒకసారి టెస్ట్ చేయించుకోండి, 90 రోజులు దాటాక మరోసారి. వారం తిరక్కుండా వచ్చిన నెగెటివ్ ఆ సంఘటన గురించి ఏమీ చెప్పదు. ఆ మూడు నెలలూ కండోమ్ వాడాలి, రక్తదానం చేయకూడదు. తమకు హెచ్‌ఐవీ ఉందేమో తెలుసుకోవడానికి రక్తదానం చేసేవారు కొందరున్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయకండి. విండో పీరియడ్‌లో ఉన్న రక్తం ఏ పరీక్షకూ దొరక్కుండా మరొకరి ఒంట్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

రెండో గందరగోళం పాజిటివ్ గురించి. మొదటి టెస్ట్‌లో గీత కనిపిస్తే అది రియాక్టివ్. అక్కడికి వ్యాధి నిర్ధారణ అయినట్టు కాదు. ఎందుకో ఒక ఊహాలెక్కతో చూద్దాం. లక్ష మందికి టెస్ట్ చేశాం, వారిలో 100 మందికి నిజంగా హెచ్‌ఐవీ ఉంది అనుకోండి. టెస్ట్ చాలా మంచిది, వైరస్ లేని వెయ్యి మందిలో ఇద్దరికే పొరపాటున రియాక్టివ్ చూపిస్తుంది. వైరస్ లేనివారు 99,900 మంది కనుక సుమారు 200 మందికి తప్పుడు రియాక్టివ్ వస్తుంది. మొత్తం 300 మందికి గీత కనిపిస్తే, వారిలో 200 మందికి అసలు హెచ్‌ఐవీ లేదు. అంత మంచి టెస్ట్‌కే ఇలా జరుగుతుంది. అందుకే వేర్వేరు రకాల కిట్లతో మళ్లీ చూస్తారు. వరుసగా మూడు టెస్టులు రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి సిఫార్సు చేస్తోంది.

కాబట్టి మొదటి గీత చూసి కుప్పకూలిపోవద్దు. అలాగని పొరపాటై ఉంటుందిలే అని వదిలేయొద్దు. ఆ 300 మందిలో 100 మందికి వైరస్ ఉంది కదా.

ఇంకొన్ని అపోహలు త్వరగా చెప్పేస్తాను. హెల్త్ చెకప్‌లో రక్తం తీశారు కనుక హెచ్‌ఐవీ కూడా చూసే ఉంటారనుకోవడం తప్పు, చాలా ప్యాకేజీల్లో అది ఉండదు, అడగాలి. భాగస్వామికి నెగెటివ్ వస్తే మనకూ నెగెటివే అనుకోవడం కూడా తప్పు. ఒకరి రిపోర్ట్ మరొకరికి పనికిరాదు. ఏఆర్‌టీ వాడుతున్నవారు సెల్ఫ్ టెస్ట్ కిట్‌తో మళ్లీ చూసుకోకూడదు. నెగెటివ్ చూపించి, జబ్బు పోయిందన్న భ్రమ కలిగించే అవకాశం ఉంది. పాజిటివ్ తల్లికి పుట్టిన బిడ్డలో తల్లి యాంటీబాడీలు 18 నెలల దాకా ఉండొచ్చు. అందుకే పసిబిడ్డకు యాంటీబాడీ టెస్ట్ కాకుండా వైరస్‌ను నేరుగా వెతికే పరీక్ష చేస్తారు.

ఎన్నిసార్లు చేయించుకోవాలి? 13 నుంచి 64 ఏళ్ల వయసు వారంతా కనీసం ఒక్కసారి చేయించుకోవాలని సీడీసీ చెబుతుంది. ఒకరికి మించి భాగస్వాములు ఉన్నవారు, సిరంజితో మత్తుమందులు తీసుకునేవారు, ఈ మధ్య వేరే సుఖవ్యాధి వచ్చినవారు ఏడాదికి ఒకసారైనా, కొందరు మూడు నుంచి ఆరు నెలలకు ఒకసారి చేయించుకోవాలి. క్షయ వచ్చినవారు తప్పకుండా చేయించుకోవాలి. గర్భిణులు ప్రతి కాన్పుకూ చేయించుకోవాలి. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం. మందులు వాడితే 5 శాతం లోపు, గర్భం మొదట్లోనే తెలిసి వైరస్‌ను అణచగలిగితే ఒక శాతం లేదా అంతకన్నా తక్కువ. ఒక చిన్న టెస్ట్ ఒక బిడ్డ జీవితాన్ని ఇంతగా మార్చే సందర్భాలు వైద్యంలో ఎక్కువ లేవు.

తెలుసుకోవడం ముందుగా ఎవరికి మేలు అంటే, టెస్ట్ చేయించుకున్న మనిషికే. సీడీ4 సంఖ్య పడిపోయేదాకా ఆగి మందులు మొదలుపెట్టడం ఒకప్పటి పద్ధతి. 2015లో స్టార్ట్ అనే అధ్యయనం దాన్ని మార్చేసింది. వెంటనే మొదలుపెట్టినవారిలో తీవ్ర జబ్బులు, మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ ఏడాది నుంచి, సీడీ4 ఎంత ఉన్నా వెంటనే చికిత్స ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

అనుకోకుండా ప్రమాదానికి గురైనవారికి కూడా దారి ఉంది. కండోమ్ చిరిగినా, సూది గుచ్చుకున్నా, లైంగిక దాడి జరిగినా 72 గంటల్లోపు పెప్ అనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ సోకకుండా ఆపే అవకాశం చాలా ఎక్కువ. ఎంత తొందరగా వెళితే అంత మంచిది, ఉదయం దాకా ఆగకండి. ముందుజాగ్రత్తగా వాడేది ప్రెప్. రోజువారీ మాత్రగా 2012లో అమెరికాలో అనుమతి పొందింది. లెనకాపవిర్ అనే ఇంజెక్షన్ ఏడాదికి రెండుసార్లు తీసుకుంటే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో దాన్ని తీసుకున్న 2134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదని 2024లో ఫలితాలు వచ్చాయి.

చిన్నచూపు రక్తంలోకి ఎలా దిగుతుంది

ఇంత మందు, ఇన్ని టెస్టులు ఉన్నా 53 లక్షల మంది తెలియకుండా ఎందుకున్నారు? దూరం, పేదరికం, సౌకర్యాల లేమి పెద్ద కారణాలే. అవన్నీ ఉన్నచోట కూడా టెస్ట్ గది గుమ్మం తొక్కనివ్వనిది పరువు భయం. లోపలికి వెళ్తూ ఎవరైనా చూస్తే? రిపోర్ట్ ఇంట్లో దొరికితే? టెస్ట్ అడిగినందుకే డాక్టర్ నన్నెలా చూస్తారు? వైరస్ గురించిన టెన్షన్ కంటే ఈ టెన్షనే ఎక్కువ.

తెలిసిన తర్వాత కూడా అది వదలదు. ఏఆర్‌టీ వాడేవారు మందు సీసా మీది లేబుల్ చింపేస్తారు. ఊళ్లో క్లినిక్ ఉన్నా ఎక్కడో దూరాన ఉన్నదానికి వెళ్తారు. ఇంటికి చుట్టాలొస్తే మాత్ర దాచేస్తారు, వాళ్లున్నన్ని రోజులు డోసు తప్పుతుంది. ప్రయాణాల్లో తప్పుతుంది. ఇలా పదే పదే తప్పితే వైరస్ తిరిగి పెరుగుతుంది, మందుకు లొంగకుండా మారే ప్రమాదమూ ఉంది. అన్‌డిటెక్టబుల్ అన్న రక్షణ పోతుంది. చుట్టాల చూపుకు భయపడి దాచిన మాత్ర చివరికి రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్ట్‌లో అంకెగా తేలుతుంది. చిన్నచూపు వైద్య సమస్య అని నేననేది ఇందుకే.

స్త్రీల విషయంలో అన్యాయం మరో మెట్టు పైన ఉంటుంది. గర్భంతో ఉన్నప్పుడు టెస్ట్ చేస్తారు కనుక ఇంట్లో మొదట బయటపడేది ఆమె రిపోర్ట్. మొదట బయటపడింది కనుక తెచ్చింది కూడా ఆమే అంటారు. భర్త అప్పటికి టెస్ట్ చేయించుకుని ఉండడు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎవరిది ముందు తెలిసిందన్నదాన్ని బట్టి చెప్పలేం. జంటగా టెస్ట్ చేయించుకుంటే ఈ నిందకు చాలావరకు చోటుండదు.

ఆస్పత్రుల్లో జరిగేది మరీ బాధ కలిగిస్తుంది. ఫైలు మీద ఎర్ర గుర్తు, రెండు జతల గ్లవుజులు, ఆపరేషన్ రోజంతా వాయిదా వేసి చివర్లో చేయడం. ప్రతి పేషెంట్ రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడాలన్నది వైద్య సిబ్బంది నేర్చుకునే ప్రాథమిక నియమం. ఎందుకంటే ఎవరికి ఏముందో ముందే తెలియదు. ఎర్ర గుర్తు ఉన్న ఫైలు దగ్గర మాత్రమే జాగ్రత్తపడే ఆస్పత్రి, గుర్తు లేని ఫైలు దగ్గర అజాగ్రత్తగా ఉంటోందన్నమాట.

దీనంతటి వేరు ఒక ప్రశ్నలో ఉంది: ఎలా వచ్చింది? రక్తం ఎక్కించడం వల్లనో, తల్లి నుంచో అంటే జాలి. లైంగికంగా అంటే తీర్పు. అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన రయన్ వైట్ అనే బాలుడికి హీమోఫీలియా, అంటే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు, ఉండేది. అతనికి రక్తం నుంచి తయారైన మందు ద్వారా హెచ్‌ఐవీ సోకింది. 1985లో, 13 ఏళ్ల వయసులో, అతన్ని బడికి రానివ్వలేదు. కోర్టుకెళ్లి గెలవాల్సి వచ్చింది. 1990లో చనిపోయాడు. పాపం అనదగ్గవాళ్లు, అనకూడనివాళ్లు అని మనుషుల్ని విడదీసే సమాజం చివరికి పాపం అనదగ్గవాళ్లను కూడా వదల్లేదు. షుగర్ ఉన్న మనిషికి మందిచ్చే ముందు అది ఎలా వచ్చిందో చెప్పమని ఎవరూ నిలదీయరు. ఇక్కడా అంతే ఉండాలి.

టెస్ట్‌ను మామూలు విషయం చేయడం వల్ల ఈ భారం చాలా తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల ఆస్పత్రుల్లో 2022 ఏప్రిల్ నుంచి ఒక పద్ధతి మొదలైంది. ఎమర్జెన్సీకి వచ్చి ఏ కారణంతోనైనా రక్తపరీక్ష చేయించుకునే పెద్దవాళ్లకు, వద్దనకపోతే, హెచ్‌ఐవీ కూడా చూస్తారు. ఎవరూ ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు, ఎందుకంటే అది అందరికీ చేసే టెస్ట్. వద్దనే హక్కు మాత్రం ఉండాల్సిందే. మనిషికి తెలియకుండా చేసే టెస్ట్, వారి అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పే రిపోర్ట్, మేలు పేరుతో చేసే ద్రోహాలు.

రేపు మీ స్నేహితులో, తమ్ముడో, అక్కో వచ్చి తనకు పాజిటివ్ వచ్చిందని చెప్పొచ్చు. అప్పుడు ఎలా వచ్చిందని అడగకండి. చెప్పాలనుకుంటే వాళ్లే చెబుతారు. మందులు మొదలుపెట్టారా, డాక్టర్ దగ్గరకు తోడు రావాలా అని అడగండి. భాగస్వామికి ఎలా చెప్పాలో తెలియక సతమతమవుతుంటే కౌన్సెలర్ సాయం దొరుకుతుందని చెప్పండి, ఆ భాగస్వామి కూడా టెస్ట్ చేయించుకోవాలి కదా. వైరస్ అణిగాక సోకదన్న సంగతి వాళ్లకు ఇంకా ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, ఆ మాట మీరు చెప్పండి. వచ్చిన మనిషిని ఎప్పటిలాగే మీతోపాటు భోజనానికి కూర్చోబెట్టండి. ఇక వాళ్లు మీతో చెప్పిన విషయాన్ని మీ ఇంట్లోవాళ్లతో పంచుకోవాలనిపిస్తే, ముందు వాళ్ల అనుమతి తీసుకోండి. వద్దంటే అది మీ దగ్గరే ఉండాలి.